నాలుగు నిమిషాల్లో ఏం కొలిచారు? ఉద్యోగ ఎంపిక వెనక ఉన్న తూకం లెక్క

మా మేనల్లుడిది గుణుపురం పక్క ఊరు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చేశాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, వర్క్‌షాపులో రెండూ కలిసిన మాట. మొన్నామధ్య మా రాయగడ జిల్లాలోనే ఒక ఫ్యాక్టరీ పిలిస్తే వెళ్లాడు. గంటన్నర రాత పరీక్ష బాగానే రాశాడు. తర్వాత లోపలికి పిలిచి నాలుగు నిమిషాలు మాట్లాడారు. మీ నాన్న ఏం చేస్తాడు, మీరు ఆంధ్రావాళ్లా, వచ్చి ఎన్నాళ్లయింది? అంతే. వారం తర్వాత అతికించిన జాబితాలో వాడి పేరు లేదు.

నిజానికి మేము ఎక్కణ్నుంచీ రాలేదు. అప్పటిదాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న జయపురం ఎస్టేటు 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది, సరిహద్దు గీత మా వెనక పడింది. ఆ సంగతి చెప్పడానికి నాలుగు నిమిషాలు చాలవు.

ఆ సాయంత్రం వంశధార గట్టు మీద నడుస్తుంటే వాడు అడిగాడు: "మావయ్యా, ఆ నాలుగు నిమిషాల్లో ఆల్లు నాలో ఏటి కొలిసినట్టు?"

ఫిట్టర్ కాబట్టి వాడికి కొలత అంటే ఏమిటో తెలుసు. సన్న కొలతలు తీసే వెర్నియర్ సున్నా దగ్గర సరిగ్గా కూర్చోకపోతే దానితో తీసిన ప్రతి కొలతా తప్పే. మరి మనుషుల్ని ఎంచే పరికరాలకు సున్నా ఎక్కడుంటుంది? వాటిని ఎవరు సరిచూస్తారు? పారిశ్రామిక మనోవిజ్ఞానం అనే శాస్త్రం వందేళ్లకు పైగా ఈ పని మీదే ఉంది. బోస్టన్‌లో ట్రాము నడిపేవాళ్లను ఎంచడానికి హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ ఒక పరీక్ష తయారుచేసి, 1913లో ఇంగ్లీషులో వచ్చిన తన పుస్తకంలో వివరించాడు. ఈమధ్య కాలంలో ఈ రంగాన్ని కుదిపింది మిన్నెసోటా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ పాల్ సాకెట్, ఆయన సహచరులు 2022లో ప్రచురించిన పరిశోధన. పాతికేళ్లుగా అందరూ నమ్మిన అంకెల్లో చాలావాటిని ఎక్కువ చేసి చెప్పారని వాళ్లు వాదించారు. ఆ వాదన అర్థం కావాలంటే ముందు సంతలోకి వెళ్లాలి.

కాటా నిలకడ వేరు, కాటా చెప్పే సంగతి వేరు

చింతపండు బస్తాను ఒకే కాటా మీద మూడుసార్లు పెట్టండి. మూడుసార్లూ 20 కిలోలే చూపిస్తే ఆ కాటాకు నిలకడ ఉన్నట్టు. ఒకసారి 18, మరోసారి 23 చూపిస్తే దాన్ని పక్కన పడేస్తాం. డీఎస్సీకో టెట్‌కో చదివినవాళ్లు ఈ నిలకడనే విశ్వసనీయత అన్న పేరుతో చదువుకుని ఉంటారు.

కాటా ఎంత నిలకడైనదైనా చింతపండు పులుపు మాత్రం చెప్పలేదు. కొనేవాడికి కావలసింది పులుపైతే మూడుసార్లు వచ్చిన 20 వల్ల ఒరిగేదేమీ లేదు. మనకు కావలసిన సంగతినే పరికరం చెబుతోందా అన్నది రెండో ప్రశ్న. దీన్ని పాఠ్యపుస్తకాలు సప్రమాణత అంటాయి. ఉద్యోగ ఎంపికలో కావలసిన సంగతి ఒక్కటే: రేపు ఈ మనిషి ఈ పని ఎలా చేస్తాడు?

నిలకడ లేని చోట సప్రమాణత ఉండదు. ఒకే అభ్యర్థికి ఉదయం బోర్డు 40, సాయంత్రం బోర్డు 22 వేస్తే, ఆ మార్కు అభ్యర్థి గురించి కన్నా బోర్డు గురించే ఎక్కువ చెబుతుంది. కొలతలో కలిసిన పొరపాటు సంబంధాన్ని ఎంత పలచన చేస్తుందో 1904లోనే ఛార్లెస్ స్పియర్‌మన్ సూత్రం కట్టి చూపించాడు.

0.4 అంటే నలభై శాతం కాదు

పరీక్షలో వచ్చిన మార్కుకూ తర్వాత ఉద్యోగంలో చేసిన పనికీ ఉన్న పొత్తును సహసంబంధ గుణకం అనే అంకెతో చెబుతారు. పొత్తు అసలు లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1. వార్తల్లో "ఈ పరీక్ష సప్రమాణత 0.4" అని కనిపిస్తే నూటికి నలభై సార్లే సరిగ్గా చెబుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు.

ఒక లెక్క వేద్దాం. 100 ఖాళీలకు 200 మంది వచ్చారు. వాళ్లలో సగం మంది, అంటే 100 మంది, పని బాగా చేయగలవాళ్లే అనుకుందాం. ఎవరు ఎవరో మనకు తెలియదు. చీటీలు వేసి 100 మందిని తీసుకుంటే అందులో 50 మంది మంచి పనివాళ్లు పడతారు. 0.10 సప్రమాణత ఉన్న పద్ధతితో ఎంచితే 53 మంది, 0.19తో 56 మంది, 0.42తో 64 మంది. మార్కులు, పనితనం రెండూ గంట ఆకారపు వక్రరేఖలో, అంటే ఎక్కువమంది సగటు దగ్గర, కొద్దిమంది అంచుల్లో ఉండేలా, పరుచుకుని ఉంటాయన్న ఊహ మీద వచ్చే అంకెలివి. ఇలాంటి పట్టికలను 1939లోనే టేలర్, రస్సెల్ అనే ఇద్దరు పరిశోధకులు వేసిపెట్టారు.

అవే 100 ఖాళీలకు 1,000 మంది వచ్చారనుకోండి. 0.40 సప్రమాణత ఉన్న పరీక్షతో పై 100 మందిని తీసుకుంటే అందులో 78 మంది మంచి పనివాళ్లు ఉంటారు. పరీక్ష మారలేదు, దాని సప్రమాణతా మారలేదు. పోటీ పెరిగేకొద్దీ సంస్థకు అదే పరీక్ష మరింత లాభం తెస్తుంది. వేలమంది వచ్చే నోటిఫికేషన్లలో చిన్న సప్రమాణత ఉన్న పరీక్షను కూడా సంస్థలు వదులుకోకపోవడానికి కారణం ఇదే.

ఇదే లెక్కను అభ్యర్థి వైపు నుంచి కూడా చూడాలి. మొదటి ఉదాహరణలో 64 మంది మంచివాళ్లు లోపలికి వెళ్లారంటే, 36 మంది మంచివాళ్లు ఇంటికి వెళ్లారు. ఉన్నవాటిలోకెల్లా మంచి పద్ధతితో ఎంచినా అంతమంది బయటే ఉండిపోతారు. మా మేనల్లుడు ఆ 36 మందిలో ఒకడా కాదా అన్నది ఈ లెక్క చెప్పలేదు. పద్ధతి మంచిచెడ్డలను గుంపు మీద మాత్రమే చూడగలం, ఒక్క మనిషి మీద చూడలేం.

పనితనాన్ని కొలిచేది ఎవరు?

పరీక్ష పనితనాన్ని ముందే చెబుతుందా అని చూడాలంటే పనితనాన్ని కూడా కొలవాలి కదా. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. చాలా అధ్యయనాల్లో పనితనం అంటే పైఅధికారి వేసిన మార్కు.

ఆ మార్కు నిలకడ ఎంత? ఒకే పనివాడికి ఇద్దరు పైఅధికారులు విడివిడిగా వేసిన మార్కులను పోల్చిన అధ్యయనాలన్నిటినీ విశ్వేశ్వరన్, వన్స్, ష్మిట్ అనే పరిశోధకులు 1996లో కలిపి చూశారు. సగటున 0.52 వచ్చింది. ఇద్దరు మేస్త్రీలు ఒకే మనిషిని ఏళ్ల తరబడి చూసినా వాళ్ల అభిప్రాయాలు అంతవరకే కలుస్తాయన్నమాట. దీనికి స్పియర్‌మన్ సూత్రం వేస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. పనితనాన్ని రవ్వంత తప్పు లేకుండా చెప్పగల పరీక్ష ఒకటి ఉందనుకుందాం. దాన్ని ఈ మేస్త్రీ మార్కుతో పోలిస్తే 0.72 దాటదు. మిగతా లోటు పరీక్షది కాదు, మేస్త్రీ మార్కుది.

సైన్యంలో అధికారులకు వేసిన మార్కులను ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో పరిశీలించాడు. దేహదారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడి, ఇలా వేరువేరు గుణాలకు వేసిన మార్కులన్నీ అనుమానం వచ్చేంతగా ఒకదాన్నొకటి అనుసరించాయి. ఒక మంచి గుణం కళ్లకు కడితే మిగతావన్నీ దాని వెలుగులోనే కనిపిస్తాయి. దీనికే పరివేష ప్రభావం అని పేరు.

సాకెట్ పాత పరిశోధన ఒకటి నాకు ఇక్కడ బాగా గుర్తొస్తుంది. 1988లో ఆయన, మరో ఇద్దరు కలిసి అమెరికాలో సూపర్‌మార్కెట్ క్యాషియర్ల వేగాన్ని రెండు రకాలుగా కొలిచారు. ఒకటి, "కాసేపు పరీక్ష పెడుతున్నాం, నీ వేగమంతా చూపించు" అన్నప్పటి వేగం. రెండోది, పనిలో మామూలు రోజుల్లో యంత్రం తనంతట తాను నమోదు చేసిన వేగం. రెండిటికీ పొత్తు చాలా తక్కువ తేలింది. పరీక్షలో చురుకైనవాళ్లు రోజువారీ పనిలో కూడా చురుగ్గా ఉంటారన్న భరోసా దొరకలేదు.

పెళ్లిచూపుల నాటి వినయం చూసి కాపురం ఎలా సాగుతుందో చెప్పలేమని మన పెద్దవాళ్లు అంటారు. ట్రేడ్ టెస్టులో పరీక్షకుడు పక్కన నిలబడితే ఎవడైనా వెల్డింగు అందంగానే వేస్తాడు. ఆ పరీక్ష కొలిచింది వాడు ఎంత చేయగలడన్నదాన్ని. రాత్రి షిఫ్టులో మూడో గంటకు ఎంత చేస్తాడన్నది వేరే కొలత. రెండూ నిజమే, సంస్థకు రెండూ కావాలి. ఒకదాన్ని కొలిచి రెండోది తెలిసిపోయిందనుకోవడమే తప్పు.

లోపలికి వచ్చినవాళ్లను మాత్రమే చూస్తే

ఈ సంగతి చెబుతున్నప్పుడు మా మేనల్లుడు అడ్డుపడి అడిగాడు: "మరి తీసుకోనోల్లు పని ఎలా సేస్తారో ఆల్లకెలా తెలుస్తాది మావయ్యా?" తెలియదు. ఈ శాస్త్రంలో అన్నిటికన్నా మొండి సమస్య అదే.

ఒక ఫ్యాక్టరీ పరీక్ష పెట్టి 70 మార్కులు దాటినవాళ్లనే తీసుకుందనుకోండి. రెండేళ్లకు చూస్తే 72 వచ్చినవాడూ 85 వచ్చినవాడూ ఇంచుమించు ఒకేలా పని చేస్తున్నారు. పరీక్ష దండగ అని యజమాని అనుకుంటాడు. 30 వచ్చినవాడు ఆ మెషీను దగ్గర ఎలా చేసేవాడో ఆయన ఎన్నడూ చూడలేదు. మార్కుల విస్తారం కుదించుకుపోతే పొత్తు కూడా కుదించుకుపోయినట్టు కనిపిస్తుంది.

దీన్ని కళ్లారా చూసిన సందర్భం ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళం పైలట్లను ఎంచే పరీక్షల్లో వచ్చిన మార్కులను పక్కనబెట్టి, వెయ్యి మందికి పైగా అభ్యర్థులను ఒకేసారి శిక్షణకు పంపింది. తప్పినవాళ్లు కూడా వెళ్లారు. ఆ మొత్తం గుంపులో పరీక్ష మార్కుకూ శిక్షణ ఫలితానికీ పొత్తు 0.64 వచ్చింది. మామూలు నియమాల ప్రకారం అర్హులయ్యేవాళ్లు 136 మంది. వాళ్లను మాత్రమే తీసి చూస్తే అదే పొత్తు 0.18కి పడిపోయింది. పరీక్ష ఒక్కటే, శిక్షణ ఒక్కటే, చూసిన గుంపు మారింది. 1949లో రాబర్ట్ థార్న్‌డైక్ అచ్చువేసిన ఈ అంకెలను ఆ తర్వాత ఎంపిక శాస్త్రం చదివినవాళ్లంతా చదివారు.

అలాంటి ప్రయోగం ఏ ఫ్యాక్టరీ చేయలేదు కాబట్టి లెక్కతో సరిదిద్దుకుంటారు. ఉద్యోగుల్లో 0.25 పొత్తు కనిపించింది, వాళ్ల మార్కుల విస్తారం మొత్తం దరఖాస్తుదారుల విస్తారంలో 60 శాతమే ఉంది అనుకుంటే, సూత్రం ప్రకారం అసలు పొత్తు ఇంచుమించు 0.40. కుదింపు నిజంగా జరిగి ఉంటే ఈ సవరణలో తప్పేమీ లేదు.

ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ ఇలాంటి సవరణలతో 85 ఏళ్ల పరిశోధనలను కూడగట్టి 1998లో ఒక పట్టిక ఇచ్చారు. చేయబోయే పనిలోనుంచి ఒక ముక్క ఇచ్చి చేయించే పరీక్షకు 0.54, మేధాశక్తి పరీక్షకు 0.51, ముందే ప్రశ్నలు కట్టుకుని చేసే ఇంటర్వ్యూకు 0.51, తోచింది అడిగే ఇంటర్వ్యూకు 0.38, అనుభవం ఎన్నేళ్లన్నదానికి 0.18, ఎన్నేళ్లు చదివాడన్నదానికి 0.10, చేతిరాత చూసి గుణం చెప్పడానికి 0.02. అప్పట్నుంచి పాతికేళ్లపాటు మానవ వనరుల విభాగాలకు ఇదే ప్రమాణం.

సాకెట్ బృందం పట్టుకున్నది ఎక్కడంటే, ఆ సవరణ ఎవరికి వేశారన్న దగ్గర. ఎక్కువ అధ్యయనాల్లో ఆ పరీక్షతో ఎవరినీ ఎంచలేదు. సిఫారసు చూసో, చదువు చూసో, ఇంకేదో చూసో ఎప్పుడో తీసుకున్న ఉద్యోగులను కూర్చోబెట్టి పరీక్ష రాయించారు. అలాంటప్పుడు ఆ పరీక్ష మార్కుల విస్తారం పెద్దగా కుదించుకుపోదు. అయినా పరీక్షతో ఎంచిన కొద్ది అధ్యయనాల్లో కనిపించిన కుదింపును అన్నిటికీ ఒకే రకంగా వర్తింపజేశారు.

మా పత్తి రైతులకు ఇది చప్పున అర్థమవుతుంది. తడి బస్తాకు తరుగు తీయడం న్యాయమే. అదే తరుగు ఎండు బస్తాకు కూడా తీస్తే? ఇక్కడ తీసేది లేదు, కలిపేది ఉంది. తప్పు మాత్రం అదే. కుదింపే లేనిచోట సవరణ వేస్తే 0.25గానే ఉండాల్సింది 0.40గా కనిపిస్తుంది.

అనవసరమైన సవరణలు తీసేశాక 2022 పట్టిక ఇలా మారింది: ప్రశ్నలు కట్టుకుని చేసే ఇంటర్వ్యూ 0.42, పని పరిజ్ఞానం మీద పరీక్ష 0.40, పనిముక్క పరీక్ష 0.33, మేధాశక్తి పరీక్ష 0.31, తోచింది అడిగే ఇంటర్వ్యూ 0.19. అంకెలు తగ్గడమే కాదు, వరస కూడా మారింది. మేధాశక్తి పరీక్ష పైనుంచి కిందికి జారింది, పద్ధతిగా చేసిన ఇంటర్వ్యూ పైకి వచ్చింది. ఈ శతాబ్దంలో జరిగిన అధ్యయనాలను మాత్రమే తీసి సాకెట్ తర్వాత మళ్లీ చూస్తే మేధాశక్తి పరీక్షకు 0.22 వచ్చింది.

అందరూ ఒప్పుకోలేదు. ఓ, లె, రాత్ అనే ముగ్గురు పరిశోధకులు 2023లో ఎదురు వాదన రాశారు. ఉద్యోగులకు తర్వాత రాయించిన పరీక్షల్లో కూడా కుదింపు ఉంటుందని, ఏ పద్ధతిలో తీసుకున్నా తెలివైనవాళ్లే ఎక్కువగా లోపల మిగులుతారని, సవరణ మానేస్తే ఈసారి తప్పు రెండోవైపు జరుగుతుందని వాళ్ల మాట. కుదింపు ఎంతో నమ్మకంగా తెలియనప్పుడు ఊహించి పెంచడం కన్నా తగ్గించి చెప్పడమే మేలని సాకెట్ పక్షం. నాకు సాకెట్ పక్షమే బలంగా కనిపిస్తుంది. కానీ ఎదుటివాళ్లు అడిగే ప్రశ్న తోసేయదగ్గది కాదు. ఎంపిక అన్నాక ఏదో ఒక జల్లెడ ఉండే ఉంటుంది, దాని కన్నాలు ఎంత సన్ననివో చూడకుండా కుదింపు లేదని చెప్పేయలేం. ఒక్క సంగతిలో మాత్రం రెండు పట్టికలూ కలుస్తాయి. ప్రశ్నలు కట్టుకుని చేసే ఇంటర్వ్యూ, తోచింది అడిగే ఇంటర్వ్యూ కన్నా రెండిట్లోనూ పైనే ఉంది.

ఇంటర్వ్యూకు ఎన్ని మార్కులు, నిజంగా ఎంత బరువు?

ప్రశ్నలు కట్టుకోవడం అంటే ఏమిటో చెబుతాను. ఫిట్టర్ పోస్టుకు వచ్చిన అందరినీ ఇలా అడిగారనుకోండి: "రాత్రి షిఫ్టు. పంపు శబ్దం మారింది, గేజీ పడిపోతోంది. ఫోర్‌మన్ అందుబాటులో లేడు. ముందు ఏం చేస్తావు?" "ఫోర్‌మన్ వచ్చేదాకా చూస్తాను" అంటే 1 మార్కు, "పంపు ఆపుతాను" అంటే 3, "స్టాండ్‌బై పంపు వేసి, దీన్ని ఆపి, రిజిస్టర్లో రాసి, కంట్రోల్ రూముకు చెబుతాను" అంటే 5. ఈ జవాబులూ మార్కులూ ఇంటర్వ్యూకు ముందే రాసిపెట్టుకోవాలి. అడిగేవాళ్లు ఒకరి కాగితం ఒకరు చూడకుండా మార్కులు వేయాలి. పద్ధతి అంతే. మీ నాన్న ఏం చేస్తాడన్న ప్రశ్నకు ఇందులో చోటు లేదు, ఎందుకంటే దానికి 1 ఏది, 5 ఏది అని ఎవరూ రాయలేరు.

మన సుప్రీంకోర్టు ఈ దారిలోకి ఎప్పుడో వచ్చింది. శ్రీనగర్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీలో ప్రవేశాలకు రాతకు 100, ఇంటర్వ్యూకు 50 మార్కులు పెట్టారు. ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలే మాట్లాడారని, తల్లిదండ్రుల గురించి, ఊరి గురించి అడిగారని అభ్యర్థులు కోర్టుకెక్కారు. అజయ్ హాసియా పేరుతో ప్రసిద్ధమైన ఆ కేసులో 1980 నవంబరులో తీర్పు వచ్చింది. ఇంటర్వ్యూకు 15 శాతానికి మించి మార్కులు పెట్టడం నిరంకుశమని కోర్టు చెప్పింది. చదివినప్పుడు నాకు మా వాడి నాలుగు నిమిషాలే కళ్లముందు కదిలాయి.

అయితే శాతం ఒక్కటే చూస్తే సరిపోదు, అదే కొలత శాస్త్రం చెప్పే మెలిక. రాతకు 300, ఇంటర్వ్యూకు 50 అనుకోండి. కాగితం మీద ఇంటర్వ్యూ బరువు ఏడో వంతు. ఇంటర్వ్యూకు పిలిచినవాళ్ల రాత మార్కులు 182కూ 190కీ మధ్య ఉన్నాయి, అంటే తేడా 8. ఇంటర్వ్యూలో మార్కులు 15 నుంచి 42 దాకా వేశారు, తేడా 27. ఇప్పుడు ఎవరికి ఉద్యోగమో నిర్ణయించేది ఆ 27. ఏ భాగంలో మార్కులు ఎక్కువ చెదిరితే అసలు బరువు దానిదే. 1985లో హర్యానా సర్వీసు పోస్టుల మీద వచ్చిన అశోక్ కుమార్ యాదవ్ కేసులో కోర్టు ఈ చెదురును కూడా చర్చించి, ఇంటర్వ్యూ వాటా అప్పటి యూపీఎస్సీ లాగా 12.2 శాతం దాటకూడదంది.

కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ బి నాన్ గెజిటెడ్, గ్రూప్ సి పోస్టులకు ఇంటర్వ్యూలే తీసేసింది. సిఫారసుకు దారి మూసేసిన మంచి పని అని ఒక పక్షం. పద్ధతిగా చేస్తే అన్నిటికన్నా పైనున్న పరికరాన్ని, పద్ధతి లేకుండా వాడినందుకు పారేశామని ఇంకో పక్షం. లక్షల మందికి, వందల బోర్డులతో, ఒకే రకంగా ఇంటర్వ్యూ చేయడం సాధ్యమా అన్న దగ్గర ఈ రెండు పక్షాలూ విడిపోతాయి.

42 అనే గీత

2025 జనవరి 6న రాయగడ రైల్వే డివిజన్‌కు శంకుస్థాపన జరిగాక మా వైపు కుర్రాళ్ల నోట ఏఎల్‌పీ మాట, అంటే అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగం మాట, మరీ ఎక్కువైంది. 2024 నోటిఫికేషన్లో మొదట 5,696 ఉన్న పోస్టులు 18,799కి పెరిగాయి. ఇందులో రాత పరీక్షల తర్వాత కంప్యూటర్ మీద ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంటుంది. జ్ఞాపకశక్తి, సూచనలు పాటించడం, లోతు గుర్తించడం, ఏకాగ్రత, చూపు వేగం అని ఐదు భాగాలు. ప్రతి భాగంలోనూ కనీసం 42 టీ-స్కోరు రావాలి, ఏ వర్గానికీ సడలింపు లేదు. తుది జాబితాలో దీని వాటా 30 శాతం, మిగతా 70 రెండో రాత పరీక్షది.

టీ-స్కోరు అంటే వచ్చిన మార్కు కాదు, గుంపులో మన స్థానం. గుంపు సగటును 50గా, ఒక ప్రామాణిక విచలనాన్ని, అంటే మార్కులు సగటు నుంచి మామూలుగా చెదిరే దూరాన్ని, 10గా మారుస్తారు. సగటు 60, విచలనం 12 అయితే 50 మార్కులు వచ్చినవాడి టీ-స్కోరు 41.7. వాడు తప్పాడు. 51 వచ్చినవాడికి 42.5. వాడు గట్టెక్కాడు. మార్కులు గంట ఆకారంలో ఉంటే ఒక్కో భాగంలో నూటికి దాదాపు 79 మంది 42 దాటుతారు. కష్టం ఐదూ కలిపి దాటడంలో ఉంది. భాగాలకు ఒకదానితో ఒకటి సంబంధమే లేకపోతే, ఒక్కోదాంట్లో 80 మంది చొప్పున దాటినా ఐదూ దాటేది 33 మందే. నిజానికి వాటి మధ్య కొంత పొత్తు ఉంటుంది కాబట్టి ఇంకొందరు దాటుతారు.

ఇక నిలకడ సంగతి. ఒక భాగం విశ్వసనీయత 0.84 అని అనుకుందాం, అది చాలా మంచి అంకె. అప్పుడు కూడా కొలతలో మామూలుగా దొర్లే పొరపాటు 4 టీ-పాయింట్లు. 41.7కూ 42.5కూ తేడా 0.8. ఈ ఇద్దరూ వేరువేరు అని ఆ పరికరం చెప్పలేదు, నియమం చెబుతుంది. గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు, వెనక వెయ్యి మందిని పెట్టుకుని రైలు నడిపేవాడికి ఒక శక్తిలో లోటును ఇంకో శక్తితో పూడ్చలేం కాబట్టి ప్రతి భాగానికీ గీత ఉండాలని సమర్థించేవాళ్ల వాదన. ఇది గట్టి వాదనే. భాగాలను కలిపి చూస్తే పొరపాటు తగ్గుతుందని, గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లకు రెండో అవకాశం ఇవ్వాలని అవతలివాళ్లు అంటారు. అదీ లెక్క ప్రకారం సరైన మాటే.

ఇంట్లో ఒక భాష, తెర మీద ఇంకో భాష

రైల్వే రాత పరీక్షలు తెలుగు, ఒడియాలతో కలిపి 15 భాషల్లో ఉంటాయి. ఆప్టిట్యూడ్ పరీక్ష మాత్రం హిందీ, ఇంగ్లీషుల్లోనే. మా ప్రాంతంలో తెలుగు పిల్లలకు కనీసం బడి ఒడియా అయినా వచ్చు. ఇంట్లో కువి, సవర లాంటి గిరిజన భాషలు మాట్లాడే పిల్లలకు హిందీ మూడో భాషో నాలుగో భాషో అవుతుంది. "సూచనలు పాటించడం" అనే భాగం వాళ్ల దగ్గర సూచన పాటించే శక్తిని కొలుస్తోందా, హిందీ చదివే వేగాన్ని కొలుస్తోందా?

ఈ అనుమానం పాతదే. 1917-18లో అమెరికా సైన్యం 17 లక్షల మందికి పైగా పరీక్ష పెట్టినప్పుడు, ఇంగ్లీషు రానివాళ్లకూ చదువు లేనివాళ్లకూ బొమ్మలతో, సైగలతో నడిచే వేరే పరీక్ష తయారుచేయాల్సి వచ్చింది. మొదటిది ఆల్ఫా, రెండోది బీటా. 1971లో అమెరికా సుప్రీంకోర్టు గ్రిగ్స్ కేసులో ఒక కంపెనీ పెట్టిన హైస్కూలు చదువు షరతును, సాధారణ మేధాశక్తి పరీక్షలను కొట్టేసింది. అవి నల్లజాతివాళ్లను ఎక్కువగా బయటికి నెట్టేశాయి, పైగా చేయాల్సిన పనికి అవి కావాలని కంపెనీ చూపించలేకపోయింది. ఎదుటి వాదన కూడా వినాలి. రైలు నడిపేవాడు అర నిమిషంలో సర్క్యులర్ చదివి అర్థం చేసుకోవాలి. అక్కడ భాష పనిలో భాగమే, దాన్ని కొలవడం తప్పు కాదు. ఫిట్టర్ సంగతి వేరు. బోల్టు బిగించడానికి హిందీ అక్కర్లేదు, ప్రమాద హెచ్చరిక చదవడానికి కొంత కావాలి. అందుకని పని పనికీ విడిగా చూడాలి.

చూసే పద్ధతి 1968లో యాన్ క్లియరీ చెప్పింది. రెండు భాషల గుంపుల్లో ఒకే మార్కు వచ్చినవాళ్లను తీసుకుని, తర్వాత వాళ్ల పనితనం పోల్చాలి. ఇంట్లో కువి మాట్లాడే కుర్రాడూ ఇంట్లో హిందీ మాట్లాడే కుర్రాడూ ఒకే 50 మార్కులతో చేరి, మొదటివాడు మెరుగ్గా పని చేస్తుంటే, అలాంటివాళ్లు వందల్లో కనిపిస్తే, ఆ పరీక్ష మొదటి గుంపును తక్కువగా తూస్తోందని తేలుతుంది.

ఇక్కడ కథ మళ్లీ మేస్త్రీ దగ్గరికి వస్తుంది. ఆ పనితనం మార్కు వేసేవాడికి కుర్రాడి భాష రాకపోతే ఆ మార్కు కూడా అదే వైపు వంగుతుంది. అప్పుడు వంకర పరీక్ష కూడా తిన్నగానే కనిపిస్తుంది. అందుకే మార్కు వేసేవాళ్ల సంఖ్య పెంచమంటారు. ఒక మేస్త్రీ మార్కు నిలకడ 0.52 అయితే, ఇద్దరి సగటుకు 0.68, ముగ్గురిదైతే 0.76. ఇద్దరు మేస్త్రీలూ ఒకే వైపు వంగి ఉంటే సగటు తీసినా ఆ వంపు పోదు, కాబట్టి ఒకరికి ఒడియా వచ్చి ఇంకొకరికి కువి రావాలి. ఇది మా రాయగడలో దొరకని మనుషుల సంగతేమీ కాదు. ప్రతి షిఫ్టులోనూ ఉన్నారు.